డెలోరిస్ వాళ్ళమ్మ

ఎం.ఏ. రెండో సంవత్సరం క్లాసులో ఒక అమ్మాయి అడిగిన చిన్న ప్రశ్నకు ఆ రోజు స్వరూప దగ్గర సరైన జవాబు లేకపోయింది.

హనుమకొండలోని విశ్వవిద్యాలయంలో ఆమె ఆధునిక అమెరికన్ సాహిత్యం చెప్పబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అమెరికా మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ రోజు పాఠం ఒక నవల. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నూలు మిల్లు చుట్టూ పెరిగిన చిన్న ఊరు, ఆ ఊళ్ళో నల్లవాళ్ళ వీధి. తల్లి పోయిన ఇంటికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంటలు చేసి పట్టుకొస్తారు. ప్రతి గిన్నె అడుగునా ఒక కాగితం పట్టీ, దాని మీద తెచ్చినామె పేరు. నవలలో అది ఒక్క వాక్యమే.

"చావైన ఇంటికి అన్నం తెచ్చుడు మనకాడ గూడ ఉన్నది మేడమ్. కని గిన్నె కింద పేరెందుకు రాసుకుంటరు? నమ్మకం లేకనా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"సొంత ఆస్తి అన్న భావన ఆ సమాజంలో బలంగా ఉంటుంది. రచయిత దాన్నే సూచిస్తున్నాడు," అంది స్వరూప.

అమ్మాయి రాసుకుంది. క్లాసంతా రాసుకుంది. చెప్తున్నప్పుడే అది తప్పని స్వరూపకు అనుమానం. పుస్తకంలో మాటలున్నాయి. ఆ మాటల వెనకాల ఉండాల్సిన ఇల్లూ వాకిలీ తనకు లేవు. ఉన్నట్టు నెట్టుకొస్తూనే ఇన్నేళ్ళు గడిచాయి.

ఈ బాధే ఒకరోజు క్యాంటీన్లో ఫణిభూషణ్‌తో చెప్పుకుంది. అతను పక్క భవనంలో మెదడు మీద పరిశోధన చేసే ప్రయోగశాలకు పెద్ద. చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టి, "ఇల్లూ వాకిలీ తెచ్చిపెడితే పాఠం చెప్తారా మేడమ్?" అన్నాడు.

ఆమె వేళాకోళం అనుకుంది. అతను మాత్రం ఆ మధ్యాహ్నమే తన ప్రయోగశాలకు తీసుకెళ్ళి ఒక కుర్చీ, దాని పైన వేలాడుతున్న టోపీ చూపించాడు. మనిషి ఏదైనా గట్టిగా గుర్తు చేసుకుంటున్నప్పుడు ఆ జ్ఞాపకం మెదడులో కాసేపు మెత్తబడుతుందట. మళ్ళీ గట్టిపడేలోపు దాని అల్లికను ఈ టోపీ చదువుతుంది. చదివినదాన్ని ఇంకో మెదడులో నాటుతుంది.

"ఇచ్చేవాళ్ళకు ఏం కాదా?"

"పెరుగుకు తోడు వేసినట్టే మేడమ్. పక్కింటావిడ చుక్క పెరుగు ఇస్తే ఆవిడ గిన్నె ఏమైనా తరుగుతుందా? మీ పాలు మాత్రం పేరుకుంటాయి."

అందుకే ఆ యంత్రానికి వాళ్ళు 'తోడు' అని పేరు పెట్టుకున్నారు.

అమెరికాలో వాళ్ళతో కలిసి పనిచేసే ప్రయోగశాల డెలోరిస్ అనే ఆమెను వెతికి పట్టుకుంది. తొంభైకి దగ్గరపడిన మనిషి. బడిలో పంతులమ్మగా చేసి మానేసి, యోలాండా అనే కూతురి దగ్గర ఉంటోంది. నవలలో ఉన్నటువంటి మిల్లు ఊళ్ళోనే, అలాంటి వీధిలోనే పుట్టి పెరిగింది. "మా అమ్మ ఏ పుస్తకంలోనూ లేదు. ఇంకో దేశం పిల్లలకైనా ఆమె సంగతి తెలుస్తుందంటే అంతకంటే ఏం కావాలి?" అని తనంతట తనే ఒప్పుకుంది. కొన్ని వారాలపాటు రోజూ టోపీ పెట్టుకుని కూర్చుని వాళ్ళమ్మను తలుచుకుంది. ఊహ తెలిసిన నాటి నుంచి పద్దెనిమిదేళ్ళ వరకు తీశారు. పద్దెనిమిదో ఏట ఆమె చదువు కోసం ఆ ఊరు విడిచింది. నవలకు కావలసిన కాలం అంతే.

స్వరూప కూడా ఇక్కడ టోపీ పెట్టుకుని పడుకుంది. మొదట్లో ఏమీ తెలియలేదు. డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళు వెతుక్కున్నట్టు మనసులో వెతుక్కునేది. ఏమీ తగిలేది కాదు. ఒక ఆదివారం పొద్దున ఉప్మాకు రవ్వ వేయిస్తుంటే ఆ మాడు వాసనకు గరిటె చేతిలోనే ఆగిపోయింది. నల్లటి ఇనుప మూకుడు, అందులో మొక్కజొన్న పిండి. పొయ్యి ముందు ఒక ఆడమనిషి వీపు. చెమటకు అతుక్కున్న నీలం గౌను. గుమ్మంలో నిలబడి ఆ వీపును చూస్తున్న చిన్నపిల్ల తనే. ఆ మనిషి ఇటు తిరిగితే బాగుండునని ఆ పిల్ల కోరుకుంటోంది. ఆమె తిరిగింది. ఆమె పేరు కోరా. ఆ పిల్ల ఆమెను మామా అని పిలుస్తుంది. ఆమె తన తల్లి.

స్వరూప పొయ్యి ఆర్పేసి నేల మీద కూర్చుని ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు ఎన్నడూ కలగలేదు.

మర్నాడు క్లాసులో ఆ నవలే తెరిచింది.

"ఆ మధ్య నేను చెప్పింది కొట్టెయ్యండి. గిన్నె కింద పేరు రాసేది అనుమానంతో కాదు. మనిషి పోయిన ఇంట్లోవాళ్ళు తలుపేసుకుని కూర్చుంటారు. ఆ గిన్నెలు ఒక్కొక్కటీ తోమి, పేరు చూసి, ఎవరిది వాళ్ళకు ఇచ్చి రావాలి. ఇవ్వబోతే రమ్మంటారు, కూర్చోమంటారు, ఇంత కాఫీ పోస్తారు. ఆ వీధి ఆ మనిషిని అట్లా మళ్ళీ బయటికి గుంజుకుంటుంది. మా అమ్మ నా చేతికి గిన్నె ఇచ్చి..." అని ఆగి, "కోరా తన కూతురి చేతికి గిన్నె ఇచ్చి వెంట తీసుకుపోయేది," అంది.

ప్రశ్న అడిగిన అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

ఆ ఏడాది స్వరూప పాఠాల్లో ఆ ఊరు లేచి నిలబడింది. నల్లవాళ్ళకు మిల్లు ఊడ్చే పనే తప్ప మగ్గం దగ్గర పని ఇవ్వని రోజులు, చట్టం మారాక కోరా మొదటిసారి లోపలి పనికి వెళ్ళిన పొద్దు, సాయంత్రం తల నిండా దూదిపింజెలతో ఇంటికి వచ్చి దులుపుకోకుండా వీధంతా తిరిగిన గర్వం. ఇవన్నీ ఆమె చూసినట్టే చెప్పేది. చూసింది కాబట్టి. ఆ పాఠాలు రికార్డు చేసి వేరే విశ్వవిద్యాలయాలకు పంపారు. 'సాంస్కృతిక సందర్భంలో ఆధునిక అమెరికన్ సాహిత్యం' అని కొత్త పేపరే పెట్టారు. ఫణిభూషణ్ ఎక్కడ మాట్లాడినా మొదట ఆమె పాఠమే చూపించేవాడు.

*

ఇంట్లో ఉండేది స్వరూప, వాళ్ళమ్మ రాజవ్వ. స్వరూప పెళ్ళి చేసుకోలేదు. రాజవ్వ వరంగల్‌లో మూతబడిన నూలు మిల్లులో కండెలు చుట్టి కూతుర్ని చదివించింది. ఇప్పుడు డెబ్బై దాటినా చేతులు ఊరుకోవు. ఒకరోజు డాబా మీద దిండ్లు విప్పి బూరుగు దూది ఎండబోసి, తల నిండా పింజెలతో కిందికి దిగి వచ్చింది.

స్వరూప చేతిలో పుస్తకం కింద పెట్టి లేచింది. "మామా," అంటూ దగ్గరకు వెళ్ళి ఆ పింజెలు ఒక్కొక్కటీ తీయసాగింది.

రాజవ్వ పకపకా నవ్వింది. "మామనా? నేనెవలకే మామ? ఎండ నాకు గొట్టిందా, నీకు గొట్టిందా?"

స్వరూపా నవ్వింది. నవ్వుతూనే ఏదో కూనిరాగం తీసింది. రాజవ్వ మొహంలో నవ్వు తగ్గింది.

"ఈ పాట మనది గాదు. ఎవలు నేర్పిన్రు?"

"ఎక్కడో విన్నా."

"నాలుగు నెలలాయె, గిదే పాట. నాకు నువ్వొకటి చెప్పు. నేను మిల్లుకు పోయే దినాలు నీకు యాదికున్నయా?"

"ఎందుకుండవమ్మా? తెల్లారకముందే పోయేటిదానివి. సద్ది డబ్బా మోచేతికి తగిలిచ్చుకుని పోతుంటే తెల్లోళ్ళు పోయే గేటు కాడ..."

"తెల్లోళ్ళా?" రాజవ్వ కూతురి చెయ్యి పట్టుకుంది. "మన మిల్లుల తెల్లోళ్ళెవలున్నరే?"

రాజవ్వ కూతురి మొహంలోకి చూసి, దూది మూట కట్టడానికి మళ్ళీ డాబా ఎక్కింది.

*

తర్వాత కొన్నాళ్ళకు ఫణిభూషణ్ కబురు చేశాడు. ఎప్పటిలా హుషారుగా లేడు. "అమెరికా నుంచి డెలోరిస్ కూతురు మాట్లాడతానంటోంది. మీతోనే మాట్లాడతానని పట్టుబట్టింది," అన్నాడు.

ప్రయోగశాల గోడ మీది తెరలో ఇద్దరు కనిపించారు. అరవై ఏళ్ళ ఆడమనిషి యోలాండా. పక్కన చక్రాల కుర్చీలో, శాలువా కప్పుకుని డెలోరిస్. అక్కడి మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి.

"మా అమ్మకు మతిమరుపు లేదు. తను చదువు చెప్పిన పిల్లల పేర్లు ఇప్పటికీ చెప్తుంది. నిన్న తిన్నది చెప్తుంది. ఒక్కటి చూడండి," అంది యోలాండా. ఒక పాత ఫోటో తల్లి ముందు పెట్టింది. "ఎవరమ్మా ఈవిడ?"

డెలోరిస్ కళ్ళజోడు సరిచేసుకుని ఫోటోను మర్యాదగా చూసింది. "చక్కగా ఉంది. ఎవరి తల్లో పాపం, బాగా కష్టపడ్డట్టుంది."

యోలాండా ఫోటోను తెర వైపు తిప్పింది. ఒక ఇంటి మెట్ల మీద నీలం గౌను వేసుకున్న మనిషి, ఎండకు కళ్ళు చికిలించి నిలబడి ఉంది.

స్వరూప కుర్చీలోంచి లేచిపోయింది. "మామా," అంది. రెండు చేతులూ తెర మీద ఆనించింది.

యోలాండా ఫోటోను దించి నెమ్మదిగా అంది. "అయితే ఆమె మీ దగ్గరుందన్నమాట."

తెర ఆపేశాక స్వరూప ఫణిభూషణ్ వైపు తిరిగింది. "ఇచ్చేవాళ్ళకు పోతుందని మీకు తెలుసా?"

"మొదట్లో వయసు వల్ల మరుపనుకున్నాం. జ్ఞాపకాలిచ్చిన ఇంకో ఇద్దరికి కూడా ఇట్లాగే..."

"ఎప్పటినుంచి తెలుసు?"

అతను టోపీ తీగ చేతికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండిపోయాడు. మెత్తబడ్డ జ్ఞాపకం మళ్ళీ గట్టిపడకుండానే జారిపోతోందని చివరికి చెప్పాడు. పద్దెనిమిదేళ్ళ వరకే తీసినా, తల్లి గురించి ఆ తర్వాతి జ్ఞాపకాలన్నీ దాన్ని ఆనుకునే నిలబడ్డాయి. మొదలు తీసేసరికి డెలోరిస్‌కు తల్లి జ్ఞాపకమే మొత్తంగా కూలిపోయింది.

"పెరుగుకు తోడన్నరు. బావిల నీళ్ళు తోడినట్టు తోడేసిన్రు గదండీ," అంది స్వరూప. "తిరిగి ఇవ్వొచ్చా?"

"ఇవ్వొచ్చు. నాటాక యంత్రంలో నకలు మిగలదు, మీ నుంచే తీసి ఆమెకు నాటాలి. కానీ..." అతను ఆమె మెదడు చిత్రం తెర మీద పెట్టాడు. "ఇది మీలో విడిగా లేదు మేడమ్. మీ అమ్మగారూ మిల్లులో పనిచేశారు. ఆ దూది, ఆ పని బట్టలు, తెల్లవారుజామున వెళ్ళిపోయే అమ్మ. కోరా వచ్చి సరిగ్గా వీటికే అల్లుకుంది. లాగితే రెండూ కలిసే వస్తాయి. మీ చిన్నతనంలో చాలా భాగం పోవచ్చు."

స్వరూప ఆ రోజే ఒప్పుకుంది. ఇచ్చేస్తానని యోలాండాకు మాటిచ్చింది. ఏర్పాట్లకు కొంత సమయం పడుతుందన్నారు. ఈలోపు తనకు చేతనైంది చేద్దామని మరోసారి తెర ముందు కూర్చుని డెలోరిస్‌కు వాళ్ళమ్మ సంగతులన్నీ చెప్పింది. తెలుగులో ఎవరికీ అంత ప్రేమగా ఏమీ చెప్పి ఎరగదు. పొయ్యి దగ్గర పాడే పాట పాడి వినిపించింది. కూతురికి జ్వరం వస్తే కోరా తడి గుడ్డ వేస్తూ తెల్లవార్లూ కూర్చున్న సంగతి చెప్పింది. డెలోరిస్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది.

"ఆవిడకు నేనంటే ఇష్టంగా ఉండేదా?" అని అడిగింది.

"ప్రాణం," అంది స్వరూప.

డెలోరిస్ సంతోషంగా చప్పట్లు కొట్టింది. "కథ భలే చెప్పావు. నువ్వు మంచి టీచరువి. నాకు తెలుసు, నేనూ టీచర్నే." తర్వాత కూతురి వైపు తిరిగి అన్నానికి వేళయిందా అని అడిగింది.

*

సంగతి విని రాజవ్వ చాట కింద పెట్టేసింది.

"ఏమేం పోతదంటున్నరు?"

"మిల్లు. మన పాత ఇల్లు. నేను చిన్నగున్నప్పటి నువ్వు. ఎంత పోతదో వాళ్ళకూ తెల్వదమ్మా."

"సమ్మడు?"

స్వరూప తల వంచుకుంది. సమ్మయ్య ఆమె అన్న. పదకొండేళ్ళప్పుడు జ్వరంతో పోయాడు. తండ్రి అంతకుముందే పోయాడు. సమ్మయ్యకు ఒక్క ఫోటో కూడా లేదు.

"వాన్ని చూసినోళ్ళం ఇగ ఇద్దరమే మిగిలినం," అంది రాజవ్వ. "నువ్వు మరిస్తే నేనొక్కదాన్నే. నేను పోయిన్నాడు నా కొడుకు పుట్టనట్టే అయితడు. ఆ ముసలామెకు తల్లి కావాలె. కాదంటలేను. దానికి నా కొడుకునెందుకు పెడతవు?"

"అది ఆమెదమ్మా. నాది కాదు."

"నీదని తెచ్చుకున్నప్పుడు నన్నడిగినవా?" అంది రాజవ్వ. "ఇయ్యనీకె మాత్రం నేను ఒప్పుకోవాల్నా? ఒప్పుకోను. ఏమన్న అనుకో."

సమ్మయ్య సంగతులు నువ్వే మళ్ళీ చెప్పు, వింటానని స్వరూప తల్లితో అనబోయింది. సొంత తల్లి సంగతిని కథలా విని డెలోరిస్ కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి నోరు మూసుకుంది.

తల్లి వద్దంది నిజమే. కానీ తల్లికి ఎదురు చెప్పని మనిషేం కాదు స్వరూప. ఆమెకు వేరే సంగతి కూడా తెలుసు. పొద్దున్నే పొయ్యి దగ్గర నిలబడగానే నీలం గౌను గుర్తొచ్చేది. తనకు అలసటైతే కోరా అరచెయ్యి నుదుటి మీద పడేది. క్లాసులో తను నోరు విప్పితే పిల్లలు ఊపిరి బిగబట్టి వినేవారు. వీటిలో ఏ ఒక్కటీ వదులుకోవడానికి మనసొప్పలేదు. ఎవరితోనూ ఆ మాట అనలేదు. మొదట పరీక్షలు అయిపోనివ్వమంది. పరీక్షలయ్యాక ఢిల్లీలో సదస్సుంది, అది కానివ్వమంది. ఆ తర్వాత అమ్మకు ఒంట్లో బాగాలేదంది. ఫణిభూషణ్ కూడా తొందరపెట్టలేదు. ఆమె పాఠాలు పోతే అతనికి చూపించుకోవడానికి మరొకటి లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ యోలాండా "సరే" అనేది. ఆ సరే అనడం రానురాను చిన్నదైపోయింది. తర్వాత ఆమె ఫోన్ చెయ్యడం మానేసింది.

వానలు మొదలైన రోజుల్లో డెలోరిస్ పోయింది. నిద్రలోనే పోయిందట. ఆ కబురు ఫణిభూషణ్ చెప్పాడు. "ఇక ఇవ్వడానికి ఎవరూ లేరు మేడమ్," అన్నాడు. అతను బాధగానే అన్నాడు గానీ స్వరూపకు ఆ మాట వినగానే గుండెల మీది బరువు దిగినట్టయింది. వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటికి వచ్చి తల్లితో చెప్పింది. రాజవ్వ గోడకు చేరగిలబడి కూర్చుంది. "నేను చెయ్యబట్టే గదా," అని ఒక్కసారి అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. మళ్ళీ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు. ఇద్దరూ సమ్మయ్య మాటా ఎత్తలేదు. వాడి పేరు పలకాలంటే ఇద్దరికీ భయంగా ఉండేది.

*

చలికాలం సెమిస్టర్‌లో ఒక ఉదయం స్వరూప క్లాసులోకి అడుగుపెట్టేసరికి చివరి బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నెరిసిన పొట్టి జుట్టు, ఒళ్ళో కోటు. యోలాండా. తెరలో కనిపించినదానికంటే సన్నగా ఉంది. దగ్గర నుంచి చూస్తే ఆమె గడ్డం అచ్చం కోరా గడ్డమే.

"మీరు వస్తున్నట్టు చెప్పనేలేదు," అంది స్వరూప, ఇంగ్లీషులో.

"చెప్పాలా? మా ఇంటి సంగతులు మీ సిలబస్‌లో ఉన్నాయి గదా. విందామని వచ్చాను."

ఆమె ఒక గది అద్దెకు తీసుకుని రెండు వారాలు ఉంది. రోజూ అందరికంటే ముందే వచ్చి కూర్చునేది. ఆమె కోసం స్వరూప పాఠమంతా ఇంగ్లీషులోనే చెప్పేది. పిల్లలు ఆమెకు టీ తెచ్చిపెట్టేవారు, ఆంటీ అని పిలిచేవారు. స్వరూప కోరా గురించి చెప్తుంటే ఆమె కళ్ళార్పకుండా వినేది. మొక్కజొన్న రొట్టె సంగతి చెప్పినప్పుడు నవ్వింది. మిల్లు నుంచి తల నిండా దూదితో వచ్చిన సాయంత్రం చెప్పినప్పుడు కోటులో మొహం దాచుకుంది. క్లాసయ్యాక మాత్రం స్వరూపతో ఒక్క మాటా మాట్లాడేది కాదు. ఇంటికి భోజనానికి రమ్మంటే రాలేదు.

చివరి రోజు పాఠం రికార్డవుతోంది. ఇంకేమైనా ప్రశ్నలున్నాయా అని స్వరూప అడిగితే వెనక నుంచి యోలాండా చెయ్యెత్తింది.

"మా అమ్మమ్మ నన్ను ఎప్పుడైనా ఎత్తుకుందా?"

పిల్లలంతా స్వరూప వైపు తిరిగారు. తన దగ్గరున్నది డెలోరిస్ పద్దెనిమిదో ఏటితో ఆగిపోతుంది. యోలాండా పుట్టుక అందులో లేదు. స్వరూపకు తెలిసినంతవరకు కోరా ఎన్నడూ ముసలిది కాలేదు, ఎన్నడూ చనిపోలేదు. అది నాకు తెలియదు అంటే సరిపోయేది. ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్నది అరవై ఏళ్ళ మనిషి. ఆమె తల్లి దగ్గర నుంచి తను తీసుకున్నదానికి, ఇవ్వకుండా ఆపుకున్నదానికి, బదులుగా ఏదైనా ఇవ్వాలనిపించింది. ఏదో ఒకటి.

"ఎత్తుకుంది," అంది స్వరూప. "మీరు పుట్టిన వారానికే వచ్చింది. పొద్దున మిల్లు నుంచి తిన్నగా వచ్చి, చేతులు కడుక్కుని, మిమ్మల్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతుర్లో చూసుకుంది. ఆ పాట పాడింది."

క్లాసులో ఒకరిద్దరు ముక్కు ఎగబీల్చారు. యోలాండా తలూపింది. "థ్యాంక్యూ ప్రొఫెసర్," అంది.

పిల్లలు వెళ్ళిపోయాక ఆమె వరండాలో నిలబడి కోటు వేసుకుంటోంది. స్వరూప దగ్గరకు వెళ్ళింది. కౌగిలించుకుంటుందేమో అనుకుంది.

"మా అమ్మమ్మ నేను పుట్టడానికి ఏడాది ముందే పోయింది," అంది యోలాండా. గొంతులో కోపం లేదు. "అమ్మ నా చిన్నప్పుడే చెప్పింది. మీరు తీసుకోకముందు."

స్వరూప ఒక అడుగు ముందుకు వేసింది. "యోలాండా, నేను... మీకు ఏదైనా ఇవ్వాలని..."

"నాకు తెలుసు. మంచి మనసుతోనే చెప్పారు. రెండు వారాలు మీరు చెప్పిందల్లా నమ్మాను. ఆ రొట్టె, ఆ దూది, ఆ పాట. మా ఇంట్లో పిల్లలకు చెప్పాలని ప్రతి మాటా మనసులో దాచుకున్నాను. వెళ్ళేముందు ఒక్కసారి చూద్దామనిపించింది, మీరు చూసింది చెప్తారా, వినేవాళ్ళకు కావలసింది చెప్తారా అని." బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఇప్పుడు ఆ రొట్టె నిజమో కాదో నేనెవర్ని అడగాలి?"

"అవన్నీ నిజం. ఒట్టు. అదొక్కటే..."

"అదొక్కటే అని చెప్పేది కూడా మీరే గదా," అంది యోలాండా. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

స్వరూప తిన్నగా ఫణిభూషణ్ దగ్గరకు పోయి ఆ రోజు రికార్డింగు తీసేయమంది. ఎందుకో కూడా చెప్పింది. అతను కణతలు నొక్కుకున్నాడు. అది అప్పటికే మిగతా విశ్వవిద్యాలయాలకు వెళ్ళిపోయిందన్నాడు. ఇప్పుడు ఒకటి తప్పని చెప్తే మిగిలినవన్నీ అనుమానిస్తారు, మీ పాఠాలూ పోతాయి, నా పనీ పోతుంది అన్నాడు. ఒక్క నిమిషం మాటే గదా, ఎవరు పట్టించుకుంటారన్నాడు. స్వరూప వాదించింది. ఉత్తరం రాస్తానంది, అందరికీ చెప్తానంది. సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. ఆ తర్వాత లేచి ఇంటికి వెళ్ళింది. ఉత్తరం రాయలేదు.

వేసవిలో జవాబు పత్రాలు దిద్దడానికి వచ్చాయి. వేరే ఊళ్ళ విద్యార్థులవి, ఆమె మొహం ఎరగనివాళ్ళవి. 'నల్లజాతి శ్రామిక కుటుంబాల్లో తరాల మధ్య అనుబంధాన్ని సాంస్కృతిక సందర్భంతో వివరించుము' అన్నది ప్రశ్న. మొదటి కట్టలోనే ఒక విద్యార్థి రాశాడు. కోరా అనే మిల్లు కార్మికురాలు రాత్రి పని ముగించుకుని వచ్చి, పుట్టిన వారానికే మనవరాలిని కిటికీ వెలుతుర్లో ఎత్తుకుని పాట పాడిందని. చక్కటి చేతిరాత. మిగతా పత్రాల్లోనూ అదే. ఒకరు కిటికీ పక్కన పూలకుండీ కూడా పెట్టారు. ఒకరు ఆ పాటకు అర్థం రాశారు.

స్వరూప ఎర్ర పెన్ను పట్టుకుని ఆ వాక్యం మీద కాసేపు ఆగింది. వంటింట్లోంచి రాజవ్వ అన్నానికి పిలిచింది. వస్తున్నానంది. ఆ వాక్యాన్ని కొట్టెయ్యలేదు. జవాబుకు నిండుగా మార్కులు వేసి, పక్కన పెట్టి, కింది పత్రం తీసింది.